మూడు ఇటుకల ఎత్తు

కృష్ణగిరిలో ఆరేళ్ళు పనిచేసి సొంత ఊరికి బదిలీ చేయించుకుని వచ్చిన రోజున, అక్క ఇంట్లోకి అడుగు పెడుతుంటే ద్వారబంధం పైకమ్మి నా నుదుటికి ఠక్కున తగిలింది. అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి కొబ్బరినూనె రాస్తూ, "కృష్ణగిరి మామిడిపండ్లు తిని ఎత్తు పెరిగినట్టుండావు కదప్పా," అని నవ్వింది. నేనూ నవ్వాను. ముప్ఫై అయిదేళ్ళ మనిషి ఎత్తు పెరగడు. ఎత్తులు కొలవడమే ఉద్యోగమైనవాడికి ఆ సంగతి ఆ పూటే తట్టి ఉండాల్సింది. నేను మాత్రం నుదురు రుద్దుకుని అన్నానికి కూర్చున్నాను.

ఊరి పేరు రాయను. హోసూరుకీ కృష్ణగిరికీ నడుమ, పెద్ద రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉండే చిన్న పట్టణమని చెబితే చాలు. అక్కడి మునిసిపల్ ఆఫీసులో నేను వర్క్ ఇన్‌స్పెక్టర్ని. రోడ్డు ఎంత ఎత్తున ఉండాలి, కాలువ ఎటు వాలాలి, ఏ గొట్టం ఎంత లోతున కూర్చోవాలి, ఇవన్నీ చూడటం నా పని. ఇప్పుడు రిటైరయ్యాను. అక్క పోయి కూడా కొన్నేళ్ళయింది. ఆమె ఉండగా ఈ సంగతి నలుగురిలో చెప్పుకోవడానికి నాకు మొహం లేకపోయింది.

అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు, అక్కకు పధ్నాలుగు. ఆమె తెలుగు బడిలో అయిదో తరగతి దాకా చదివి మానేసింది. పొద్దున పని అయ్యాక అరుగు మీద చాప పరిచి, నన్ను కూర్చోబెట్టి వాచకం తెరిచేది. అక్షరాల కింద వేలు పెట్టి చదవాలి, అది ఆమె నియమం. నాకు తొందరెక్కువ. ఆటకు పోవాలని వరసలు వదిలేసి కిందికి దూకేవాణ్ణి. అక్క తిట్టేది కాదు, కొట్టేది కాదు. నా వేలు పట్టుకుని వెనక్కి తెచ్చి, వదిలేసిన చోట పెట్టి, "ఈడనుంచి చదువు," అనేది. అది చదివితే తప్ప విడిచిపెట్టేది కాదు. చదివాక, "సరే, ఇంక లే," అనేది. ఆ మాట వినకుండా నేను చాప మీద నుంచి లేచిన రోజు లేదు.

వేలు పెట్టి చదివే అలవాటు నాకు పోలేదు. ఆఫీసులో ఫైలు చదివేటప్పుడు కూడా వేలు దానంతట అదే కాగితం మీదికి వచ్చేది. తోటివాళ్ళు ఎగతాళి చేసేవారు. ఉద్యోగం కోసం అరవం పరీక్ష రాయాల్సి వచ్చినప్పుడు అదీ వేలు పెట్టుకునే నేర్చుకున్నాను. అక్కకు మాత్రం అరవం నోటి మాటే. సంతలో అరవం, కన్నడం రెండూ గడగడ మాట్లాడి బేరం చేసేది కానీ, కాగితం మీద తెలుగక్షరం ఒక్కటే తెలుసు. బస్సు మీద ఊరి పేరు రంగును బట్టీ, డ్రైవరు మొహాన్ని బట్టీ గుర్తుపట్టేది.

అక్క పెళ్ళయి ఊళ్ళోనే ఉంది. బస్టాండు దగ్గర మొదలై పల్లానికి దిగే పొడుగాటి వీధిలో, సగం దిగాక ఆమె ఇల్లు. వాకిట్లో ఒక బావి. ఆ వీధిలో ఎక్కడ తవ్వినా ఉప్పు నీళ్ళే. అక్క బావి నీళ్ళు మాత్రం తియ్యగా ఉండేవి, పప్పు ఇట్టే ఉడికేది. పొద్దున, సాయంత్రం వీధిలోని ఆడవాళ్ళంతా బిందెలతో అక్కడికే వచ్చేవారు. ఎవరి కోడలు ఏమన్నది, ఎవరి మొగుడు హోసూరు కంపెనీలో పర్మనెంటయ్యాడు, మత్తూరు సంతలో చింతపండు ఎట్లా ఉంది, అన్నీ ఆ గిలక చప్పుడు మధ్యనే. అక్క ఊళ్ళో ఎవరింటికీ పోయేది కాదు. పోవాల్సిన పని ఉండేది కాదు, ఊరే ఆమె వాకిట్లోకి వచ్చేది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, తొంభైల మొదట్లో, మా పాత సర్వేయరు ఊళ్ళో ఎత్తులు లెక్కకట్టడానికి కదలని చోట్లు వెతుకుతున్నాడు. బస్టాండు దగ్గర వంతెన గోడ ఒకటి. వీధి కింది భాగానికి అక్క ఇంటి ముందరి మెట్టు రాయి. మా వైపు దొరికే నల్లరాయి, నలుగురు మోస్తే గానీ లేవనిది. దాని ముందు ముఖం మీద బాణం గుర్తు వేసి, రాయి పైభాగం ఎత్తు ఎంతో అంకె రాయమని రంగు డబ్బా నాకిచ్చాడు. ఇక ఆ చుట్టుపక్కల ఏ ఎత్తు కావాలన్నా ఆ అంకె నుంచి లెక్కపెట్టుకోవచ్చు. రాయి కదలకూడదు, అంతే. ఉద్యోగంలో నా చేత్తో నేను చేసిన మొదటి పని అది.

అక్క దాన్ని వీధిలో అందరికీ చూపించింది. "మా తమ్ముడు రాసినాడు." శుక్రవారం గడపకు పసుపు రాసి, మిగిలిన పసుపు బాణం పక్కన ఇంత రాసి కుంకుమ పెట్టేది. "అది పెయింటు అక్కా, దేవుడు కాదు," అంటే, "సర్కారుది కదా, ఉండనీ," అనేది. ఏటా సున్నం వేసేటప్పుడు కుంచె అంచుతో ఆ గుర్తు చుట్టూ జాగ్రత్తగా వేసుకునేది. ఒక్క చుక్క కూడా అంకె మీద పడనిచ్చేది కాదు.

తర్వాత నన్ను కృష్ణగిరికి మార్చారు. ఆ ఏళ్ళలోనే బావ గుండెనొప్పితో పోయాడు. ఆ ఏళ్ళలోనే వీధి రోడ్డు రెండుసార్లు వేశారు. మన దగ్గర రోడ్డు వేయడమంటే అందరికీ తెలిసిందే. పాతది తవ్వరు, దాని మీదే కంకర పోసి తారు పోస్తారు. ఎన్నికలకొకసారి రోడ్డు లేస్తుంది, ఇళ్ళు దిగబడతాయి. వాన పడితే వీధి నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయి. జనం ఏం చేస్తారు, మెట్టూ గడపా ఎత్తించుకుంటారు. నేను తిరిగి వచ్చేసరికి వీధిలో అన్ని ఇళ్ళూ గడప దాటాక లోపలికి దిగేట్టు ఉన్నాయి. అక్క ఇల్లు కూడా. రోడ్డుతో పాటు మెట్టూ అంతే లేచింది కాబట్టి ఎక్కేటప్పుడు నా మోకాలికి తేడా తెలియలేదు. తలకు తెలిసింది. నేనే దాని మాట వినలేదు.

రెండు వేలు దాటాక మా పట్టణానికి భూగర్భ మురుగు కాలువ మంజూరయింది. దానితో పాటే వీధి రోడ్డు కొత్తగా కట్టాలి. మురుగు చివరికి పోయి చేరాల్సిన తొట్లకు చోటు ఊరి బయట, పక్క పంచాయతీ పొలిమేరలో ఉంది. కాబట్టి రెండూళ్ళకూ కలిపి ఒకే ఏర్పాటు చేయాలన్నారు. కౌన్సిల్ హాల్లో అయిదారు సమావేశాలు జరిగాయి. నేను వెనక బెంచీలో మ్యాపుల చుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. పంచాయతీ ప్రెసిడెంటు అరవంలో మొదలుపెట్టి, కోపమొచ్చేసరికి తెలుగులోకి వచ్చేవాడు. "మీ ఊరి మురికి మా కుంట పక్కన పోతాదంటే మేమెట్లా ఒప్పుకునేది?" మా ఛైర్మన్ తాపీగా, "మీ ఊళ్ళో మురికే లేదాప్పా? అదీ ఇదీ ఒకే గొట్టంలో పోనీ," అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వులోనే సగం ఒప్పందం అయిపోయింది.

వీధి పై భాగం కౌన్సిలర్లు ముందు తారు వేయండి, గొట్టాలు తర్వాత చూసుకుందామన్నారు. నాకు ఒళ్ళు మండింది. అడగకుండా లేచి, "తర్వాత మళ్ళీ తారు ఎవరు తవ్వేది సార్?" అన్నాను. మ్యాపు బల్ల మీద పరిచి చూపించాను. పాత రోడ్డు పొరలన్నీ తవ్వి తీసేయాలి. రోడ్డు మూడు ఇటుకల ఎత్తు కిందికి దించాలి, ముందెట్లా ఉండేదో అట్లా. గొట్టాలు కింద, వాటి మీద రోడ్డు. ఛైర్మన్ నా మాటే నెగ్గించాడు. ఆ రోజు హాలు మెట్లు దిగుతుంటే నా అంత మొనగాడు లేడనిపించింది.

నేరుగా అక్క దగ్గరికి పోయి చెప్పాను. ఇక రోడ్డు దిగుతుంది, ఇంట్లోకి నీళ్ళు రావు అని. ఆమె రాగులు చెరుగుతూ అంతా విని ఒకటే అడిగింది. "ఇల్లు తడిస్తే తుడుచుకుంటానప్పా. బావిలోకి మాత్రం ఆ నీళ్ళు రాకుండా చూడు. వీధంతా తాగే నీళ్ళు." చూస్తానన్నాను. నా మీద ఒట్టేసినట్టే చెప్పాను.

పని రెండు భాగాలుగా చేశాం. బస్టాండు నుంచి అక్క వాకిలి దాకా వంతెన గోడ గుర్తును బట్టి, అక్క వాకిలి నుంచి కింది కొస దాకా మెట్టు రాయి గుర్తును బట్టి. అక్కడ పక్క పంచాయతీ గొట్టం వచ్చి కలుస్తుంది. ఇట్లా రెండు గుర్తులు వాడేటప్పుడు ముందు ఒకదాన్ని ఇంకోదానితో సరిచూడాలి, అది మొదటి పాఠం. అరపూట పని. కొలబద్ద పట్టుకునే ముసలాయన అడిగాడు కూడా. "సార్, బస్టాండు గుర్తుతో ఒకతూరి సరిచూసి మొదలుపెడదామా?"

"అది మా అక్క ఇంటి రాయి. ఆ అంకె నేను రాసింది. దాన్ని సరిచూడాలా?" అన్నాను. ఆయన తల వంచుకుని కొలబద్ద తీసుకుపోయి రాయి మీద నిలబెట్టాడు. బాణం పక్కన కుంకుమ తాజాగా ఉంది. నేను దుర్భిణిలోంచి చూసి అంకెలు రాసుకున్నాను.

రెండో హెచ్చరిక అక్క వాకిలి ముందరే వచ్చింది. రెండు భాగాల గొట్టాలు కలిసే చోట ఒక చాంబర్ కడుతున్నారు. మేస్త్రీ గుంతలోంచి తల ఎత్తి, "సార్, పై గొట్టం, కింది గొట్టం ఒక మట్టంలో లేవు. పోయేది వచ్చేదానికంటే ఎత్తులో ఉండాది," అన్నాడు. అప్పటికే వాన మబ్బులు పట్టాయి, వీధంతా తవ్వి ఉంది, కౌన్సిలర్లు రోజూ తరుముతున్నారు. "గుంతలో కూర్చుంటే అన్నీ ఎత్తుగానే కనిపిస్తాయి. నా లెక్క తప్పదు, పూడ్చు," అన్నాను. అతను ఒక్క క్షణం నన్ను చూసి తాపీ తీసుకున్నాడు. వయసులో నా కంటే పదేళ్ళు పెద్దవాడు. ఇప్పటికీ ఆ చూపు గుర్తుకొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రోడ్డు తయారైంది. పైభాగంలో చక్కగా దిగింది. అక్క ఇంటి నుంచి కిందికి మాత్రం దిగినట్టే అనిపించలేదు. కంకర ఎక్కువ పోశాడని కాంట్రాక్టరును నలుగురిలో తిట్టాను. ప్రారంభోత్సవం జరిగింది, రెండూళ్ళ పెద్దలూ దండలు వేసుకున్నారు, ఇళ్ళ గొట్టాలన్నీ కలిపారు.

నెల తిరక్కముందే అక్క వాకిలి ముందరి చాంబర్ మూత పక్కన తడి కనిపించింది. తర్వాత వాసన. ఒక ఉదయం పక్కింటామె బిందె ముంచుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏమమ్మా, నీళ్ళు ఒక మాదిరి వాసనొస్తా ఉండాయి," అంది. అక్క ఆ బిందె పారబోసి, తానే ఇంకో చేద తోడింది. దాన్నీ వాసన చూసి పారబోసింది. మళ్ళీ తోడింది. నేను ఆఫీసుకు పోతూ అటు వచ్చేసరికి వాకిలంతా నీళ్ళు, అక్క చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది, గిలక ఆగకుండా మోగుతూ ఉంది. ఆడవాళ్ళు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని చుట్టూ నిలబడి ఉన్నారు. "కొంచెం ఉండండమ్మా, మంచివి వస్తాయి," అంటూ తోడుతూనే ఉంది. నేను చేంతాడు పట్టుకుని ఆపాను. ఆమె అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి.

ఆ రోజే వంతెన గోడ నుంచి అక్క రాయి దాకా మళ్ళీ కొలిచాను. ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత రాయి పక్కన గునపంతో తవ్వాను. రాయి కింద మట్టి లేదు. మూడు వరసల ఇటుకలు.

"అక్కా, ఈ మెట్టు ఎప్పుడు ఎత్తించినావు?"

"మీ బావ పోయిన మరుసటేడు. రెండోతూరి రోడ్డేసినారు కదా, అప్పుడు. వీధిలో అందరూ ఎత్తినారు."

"అదే రాయి పెట్టించినావే."

"వేరే రాయి ఎందుకు పెడతారప్పా? దాన్ని తొక్కే కదా ఈ ఇంట్లోకి వచ్చినాను. అడుగున పాలు పోసి పసుపు పెట్టి దాన్నే పెట్టించినాను. అరిగిపోయింది, జారతాది, తిప్పి వేస్తానన్నాడు మేస్త్రీ. నేనే వద్దన్నాను." ఆమె బాణం వైపు చూపించింది. "తిప్పితే నువ్వు రాసింది కిందికి పోతాది కదా."

రాయి మూడు ఇటుకలు పైకి లేచింది, నా అంకె మాత్రం పాత ఎత్తే చెబుతోంది. ఆ రాయిని నమ్మి వేసిన గొట్టాలన్నీ ఉండాల్సిన దాని కంటే మూడు ఇటుకల ఎత్తున కూర్చున్నాయి. రోడ్డూ అంతే. బస్టాండు నుంచి దిగి వచ్చిన మురుగు అక్క వాకిట్లో మెట్టు ఎక్కాల్సి వచ్చింది. ఎక్కలేక అక్కడే నిలిచి, పక్కకు ఊరి, బావిలోకి పోయింది. "ఏమైందప్పా?" అని అక్క అడిగింది. "ఏం లేదు," అన్నాను.

పెద్దాఫీసు నుంచి ఒక అధికారి విచారణకు వచ్చాడు. గుర్తును సరిచూశారా అని అడిగాడు. నాకప్పుడు ఇద్దరు చిన్నపిల్లలు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఇంటివాళ్ళు చెప్పకుండా రాయి ఎత్తారన్నాను. అయితే ఇంటామె వాంగ్మూలం తీసుకురమ్మన్నాడు. ఆమె నా అక్క అని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు.

వాంగ్మూలం నేనే రాశాను, అరవంలో, ఆఫీసు భాషలో. ఏడు వరసలు. మొదటి మూడు వరసల్లో ఆమె ఎవరు, ఇల్లు ఎక్కడ, రాయి ఎప్పుడు ఎత్తించింది. నాలుగో వరసలో, అది సర్కారు గుర్తని తెలిసీ ఎవరికీ చెప్పకుండా కదిలించానని. అయిదో వరసలో, జరిగిన నష్టానికి నాదే బాధ్యత, ఆఫీసు సిబ్బంది తప్పు లేదని. మిగిలిన రెండూ మామూలు మాటలు.

కాగితం తీసుకుని అక్క దగ్గరికి పోయాను. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, వేలు పెట్టుకుని, ఒక్కో వరసా తెలుగులో చెబుతూ చదివాను. నాలుగూ అయిదూ వదిలేసి ఆరో వరస చదివాను.

"అంతేనా?" అంది.

"అంతే అక్కా."

ఆమె కాసేపు కాగితం వైపే చూసింది. "ఇంకొకతూరి చదువప్పా."

మళ్ళీ చదివాను, మళ్ళీ అట్లాగే. ఈసారి తొందరగా చదివాను. ఆమె పెన్ను తీసుకుని, కింద తెలుగులో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టి, కాగితం నా చేతికిచ్చి, మజ్జిగ తాగి పొమ్మంది. నేను మజ్జిగ తాగి మరీ పోయాను.

తర్వాతి కౌన్సిల్ సమావేశంలో ఆ కాగితం చదివారు. ఏడు వరసలూ, అందరికీ వినపడేట్టు. నేను వెనక బెంచీలోనే ఉన్నాను. సాయంత్రానికి వీధంతా పాకింది. ఎవరూ అక్కతో గొడవ పడలేదు. పక్కింటామె మాత్రం ఒక్క మాటంది. "నువ్వు ఆ రాయి ఎత్తకపోయుంటే మా అందరికీ నీళ్ళుండేవి కదమ్మా." ఆమె ఇంటి మెట్టూ ఎత్తిందే. దాని మీద గుర్తు లేదు, అంతే తేడా. అక్క "అవునమ్మా" అందట.

కొత్త రోడ్డును అప్పుడే తవ్వడానికి వీల్లేదన్నారు. చాంబర్‌లో నిలిచినదాన్ని వారానికోసారి బండితో తోడించారు. బావి మీద సిమెంటు పలక వేసి మూసేశారు. వీధికి లారీ నీళ్ళు వచ్చాయి, లారీ బస్టాండు వైపు ఆగేది, ఆడవాళ్ళంతా అటు పోయారు. గిలక ఊడదీసి అటక మీద పెట్టింది అక్క. బావి పలక మీద మిరపకాయలు ఎండబెట్టేది. ఆ వాకిట్లో అంతకు మించిన పని లేకపోయింది.

నాకు మందలింపు కూడా రాలేదు. నేను అక్క ఇంటికి పోవడం తగ్గించాను. పనెక్కువ అని చెప్పేవాణ్ణి, పని మామూలుగానే ఉండేది. పోయినప్పుడల్లా చెంబుతో నీళ్ళిచ్చి, "లారీ నీళ్ళప్పా, రుచుండవు," అనేది. తన ఇంట్లో నీళ్ళు బాగుండవని అక్క నోట వినాల్సి రావడం నేను ఎన్నడూ అనుకోనిది. ఆమె ఆ కాగితం సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వీధిలో విన్నది ఆమెకు చేరి ఉంటుందని తెలుసు. అయినా, నేనే చదివి మోసం చేశానని కాక, ఆఫీసువాళ్ళు తర్వాత ఏదో చేర్చారని అనుకుని ఉంటుందిలే అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అంత సిగ్గులేని ఆశతో ఆరేళ్ళు గడిపాను.

ఆరేళ్ళకు ఆ సగం వీధినీ మళ్ళీ తవ్వి సరిచేయడానికి ఆమోదం వచ్చింది. కొత్త ఇంజనీరు కుర్రవయసువాడు, కొత్త పరికరాలు తెచ్చాడు. ఆ రాళ్ళ గుర్తులతో అతనికి పని లేదు. అక్క మెట్టు దగ్గర ఆగి, వెలిసిపోయిన బాణాన్నీ దాని పక్కన కుంకుమనూ చూసి, "ఇదేనా ఆ తప్పు గుర్తు? ఎవరు రాసినారమ్మా?" అని అడిగాడు. నేను అతని పక్కనే నిలబడి ఉన్నాను.

"మా తమ్ముడు," అంది అక్క. "రాసినప్పుడు సరిగ్గానే రాసినాడు సార్. ఎత్తింది నేను."

ఇంజనీరు నా వైపు చూడలేదు. ఆ తమ్ముడు నేనేనని అతనికి తెలియదు. నేను నోరు తెరవలేదు, అప్పుడు కూడా.

పని ముగిసింది. మురుగు సరిగ్గా కిందికి పోయింది, రోడ్డు నిజంగానే దిగింది. అక్క ఇటుకలు తీయించి అదే రాయిని మళ్ళీ పాత చోట పెట్టించింది, గడప దించించింది. బావి మాత్రం తెరవలేదు. ఆ నీళ్ళు ఇక తాగడానికి పనికిరావని పరీక్షలో తేలింది.

ఒక శుక్రవారం పొద్దున, ఆఫీసు పాత ఫైల్లోంచి ఆ వాంగ్మూలం నకలు తీసుకుని జేబులో పెట్టుకుని పోయాను. గడప దగ్గర అలవాటుగా తల వంచాను. గడపకు పసుపు రాస్తున్న అక్క, "ఇంక తగలదులే," అంది. నేను అరుగు మీద కూర్చున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అక్కా, తప్పు నీది కాదు. రాయిని నేను సరిచూసుకోలేదు. చూద్దామన్నవాడి నోరు మూయించినాను. ఆ కాగితంలో నీ మీద వేసి రాసినాను. నీకు చదివేటప్పుడు రెండు వరసలు వదిలేసినాను."

ఆమె పసుపు చేయి చెంబు నీళ్ళలో కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, నా పక్కన వచ్చి కూర్చుంది.

"తెలుసప్పా," అంది. "ఏడు వరసలుండె. నువ్వు అయిదే చదివినావు. నీ వేలు దూకింది కదా. చిన్నప్పుడూ అట్లే దూకుతా ఉండింది."

"తెలిసీ ఎందుకు సంతకం పెట్టినావు?"

"ఇంకొకతూరి చదవమని చెప్పినాను కదా. అప్పుడూ చదవలేదు నువ్వు. ఇంకా తొందరగా దూకినావు. చదివిస్తే నీ ఉద్యోగం ఏమవుతాదో అనిపించింది." బావి పలక వైపు చూసింది. "నీళ్ళు ఎట్లాగూ పోయినాయి."

నేను ఏడ్చాను. నలభై దాటిన మనిషిని, వీధిలోకి కనబడే అరుగు మీద. ఆమె ఓదార్చలేదు. ఏడుపు తగ్గేదాకా ఊరకే కూర్చుని, "కాగితం తెచ్చినావా?" అని అడిగింది. జేబులోంచి తీసి ఇద్దరి మధ్యా పరిచాను. ఆ లిపిలో ఆమెకు ఒక్క అక్షరం తెలియదు. పై నుంచి తన వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చి, నా చూపుడు వేలు పట్టుకుని, తెచ్చి నాలుగో వరస మొదట్లో పెట్టింది.

"ఈడనుంచి చదువు."

చదివాను. నాలుగూ, అయిదూ. ఒక్క మాట వదలకుండా, తెలుగులో, ఆమె మొహం వైపు చూడకుండా. ఆమె చివరిదాకా విన్నది. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు, నలభై ఏళ్ళ కిందట చాప దగ్గర ఎట్లా అనేదో అట్లాగే అంది.

"సరే, ఇంక లే."

నాకు చాలాసేపు లేవడం చేతకాలేదు.